స్టడీ హాల్లో పొద్దున కళ్ళ మంట, మధ్యాహ్నం తలనొప్పి, సాయంత్రం వాసన: ఎక్కడ మొదలుపెట్టాలి?

పానగల్లువాసి (నల్లగొండ)
అందరికీ నమస్కారం. క్లాక్ టవర్‌కు కొంచెం అవతల, మొదటి అంతస్తులో స్టడీ హాలు నడుపుతున్నాను. గ్రూప్స్‌కు, టీచరు పోస్టులకు చదువుకునే పిల్లలు 24 మంది ఉంటారు. హాలు 30 అడుగుల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు. రెండు స్ప్లిట్ ఏసీలు. రోడ్డు రొద వినిపించకూడదని కిటికీలకు అద్దాలు బిగించి, సందులన్నీ సిలికాన్‌తో మూయించాం. సంక్రాంతి తరువాత ఒక్కొక్కరికీ విడివిడిగా చెక్క క్యాబిన్లు చేయించాను. అప్పటి నుంచి ఫిర్యాదులే ఫిర్యాదులు. కళ్ళు మండుతున్నాయని ఒకరు, తల పట్టేసిందని ఒకరు, ఏదో వాసన వస్తోందని ఇంకొకరు. ఒక అమ్మాయి కట్టిన ఫీజు వదులుకుని మరీ మానేసింది. వాసన పోతుందని భవనం యజమాని బాత్రూం గోడకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించారు. అది పెట్టాక వాసన ఇంకా పెరిగింది. ఇదేం విడ్డూరమో నాకు అంతుపట్టడం లేదు. ఎయిర్ ప్యూరిఫయర్ కొనమని కనిపించిన ప్రతివారూ సలహా ఇస్తున్నారు. డబ్బు పోసే ముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను.

కందనూలు కుర్రాడు (నాగర్‌కర్నూల్)
అన్నా, ప్యూరిఫయర్ ఒకటి కొనేయండి, నాలుగు మూలలా మనీప్లాంటు కుండీలు పెట్టండి. మా ఆఫీసులో అలాగే చేశారు. చూడటానికీ బాగుంటుంది.

పాలమూరు ఇంజనీరు (మహబూబ్‌నగర్)
చూడటానికి బాగుంటుందన్న మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. అంతకు మించి ఏమీ ఉండదు. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారం 1989లో నాసా చేసిన ప్రయోగంతో మొదలైంది. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. ఇలాంటి ప్రయోగాలు చాలావాటిని 2019లో మళ్ళీ లెక్క కట్టి చూస్తే, మామూలు భవనాల్లో బయటి గాలి రాకపోకలతోనే వచ్చేంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. అప్పుడు పిల్లలకు కూర్చునే చోటు మిగలదు.

ప్యూరిఫయర్‌లో ఉండే హెపా వడపోత దుమ్మును పడుతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టదు. వాసనల కోసం లోపల ఒక పలచని బొగ్గు పొర ఉంటుంది కానీ, ఇంత హాలుకు అది కొద్ది రోజుల్లోనే నిండిపోతుంది.

పానగల్లువాసి గారూ, మీరు శీర్షికలోనే సగం పని చేసి పెట్టారు. పొద్దున కళ్ళు, మధ్యాహ్నం తల, సాయంత్రం ముక్కు. మూడు వేళలు, మూడు రకాల బాధలు. ఒకే కారణం అయితే ఇలా వేళ పాటించదు. ఏ పరికరమూ కొనకండి. గోడకు ఒక తెల్ల కాగితం అంటించి, పక్కన పెన్ను వేలాడదీయండి. ఎన్ని గంటలకు, ఏ సీటులో, ఏమనిపించింది, బయటకు వెళ్ళాక ఎంతసేపటికి తగ్గింది, అంతే రాయమనండి. పేర్లు వద్దు. పేర్లు అడిగితే ఎవరూ రాయరు.

శ్వాస వైద్యుడు (హైదరాబాద్, సొంతూరు హాలియా)
కాగితం అంటించే లోపు ఒక సంగతి తేల్చుకోండి. హాల్లో కానీ, బాత్రూంలో కానీ, మెట్ల కింద కానీ గ్యాస్ గీజరు, జనరేటరు, కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి ఏదైనా ఉందా? కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్‌తో పోలిస్తే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, తూలు వచ్చి, బయటకు రాగానే తేలికపడితే మొదటి అనుమానం దాని మీదే. అప్పుడు కాగితాలూ పెన్నులూ కాదు, అందరినీ బయటకు పంపి తలుపులు బార్లా తెరవాలి. తలుపులు బిగించిన బాత్రూంలో గ్యాస్ గీజరు వాడి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు మీరూ చదివే ఉంటారు.

పానగల్లువాసి
అవేమీ లేవు డాక్టరు గారూ. మెట్ల దగ్గర ఇన్వర్టరు బ్యాటరీ ఒకటి ఉంది, అంతే. కింది అంతస్తులో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. కానీ అది మేము రాకముందు నుంచీ ఉంది, ఇంతకుముందు ఏ ఇబ్బందీ లేదు.

పాలమూరు ఇంజనీరు
షాపు పాతదే. మీరు మూసిన సందులు కొత్తవి, ఫ్యాన్ కొత్తది. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకు వద్దాం.

మిర్యాల ఏసీ మెకానిక్ (మిర్యాలగూడ)
స్ప్లిట్ ఏసీ బయట గాలిని లోపలికి తెస్తుందని సగం మంది అనుకుంటారు. బయట యూనిట్‌కు లోపల యూనిట్‌కు మధ్య తిరిగేది రాగి గొట్టంలో గ్యాసు మాత్రమే. గదిలో గాలి గదిలోనే తిరుగుతుంది. మీ హాల్లో పొద్దున వదిలిన ఊపిరే సాయంత్రం దాకా అందరూ పంచుకుంటున్నారు.

ఇంకొకటి చూడండి. ఏసీ నీళ్ళ గొట్టం ఎక్కడికి వెళ్తోంది? చాలాచోట్ల గోడలోంచి తీసుకెళ్ళి నేరుగా బాత్రూం డ్రైనేజీ లైనులో కలిపేస్తారు. మధ్యలో నీళ్ళు నిలిచే వంపు లేకపోతే మురుగు గాలి ఆ గొట్టం గుండా ఎదురెక్కి ఏసీలోకి వస్తుంది. ఏసీ చల్లగా, శ్రద్ధగా దాన్ని అందరి ముఖాల మీదకు విసురుతుంది.

దేవరకొండ రాయి (దేవరకొండ)
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా ప్రాంతమంతా గ్రానైటు. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం ఉందని అందరికీ తెలిసిందే. ఆ యురేనియం నుంచి పుట్టే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఇళ్ళలోకి వస్తుందని చదివాను. ఇది కూడా అదే కావచ్చు కదా?

పాలమూరు ఇంజనీరు
రేడాన్ నిజమే కానీ ఈ హాల్లో నిందితుడు అది కాదు. దానికి వాసన ఉండదు, తలనొప్పి తేదు, కళ్ళు మండించదు. ఏళ్ళ తరబడి పీల్చినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. నేలలోంచి వస్తుంది కాబట్టి సెల్లారులోనో, నేలను ఆనుకుని మూసి ఉంచిన గదిలోనో ఎక్కువ పోగవుతుంది, పై అంతస్తుల్లో తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు ఘనపు మీటరుకు 100 బెక్వెరల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం). కొలవాలంటే చిన్న డబ్బాలాంటి డిటెక్టరును గదిలో నెలల తరబడి వదిలేయాలి, ఎందుకంటే రోజుకో రీడింగు వస్తుంది. మీ ఇంట్లో కింది గదికి ఏసీ పెట్టి కిటికీలు మూసి పడుకుంటున్నట్టయితే కొలిపించుకోవడంలో తప్పులేదు. కిటికీలు తీసి పడుకునే ఇంట్లో గాలే దాన్ని పలచన చేసేస్తుంది.

కృష్ణపట్టె (నాగార్జున సాగర్)
నీళ్ళు పరీక్ష చేయించాలని నల్లగొండ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే మన ఊరి పేరు పెట్టారు. గాలి దగ్గరకు వచ్చేసరికి మాత్రం అగరుబత్తి వెలిగించి పని అయిపోయిందనుకుంటాం.

పానగల్లువాసి
కాగితం మీద రాసింది కలిపి చూశాను. ఇంజనీరు గారు అన్నట్టే ఉంది. కళ్ళ మంట పొద్దున తెరిచిన కొత్తలో, అందులోనూ సోమవారం ఎక్కువ. ఆదివారం సెలవు. తలనొప్పి, నిద్రమత్తు భోజనాలయ్యాక మూడు నుంచి, దాదాపు అందరికీ. మురుగు వాసన ఏసీ కింద మూలన కూర్చునే ముగ్గురికే. మరో వాసన సాయంత్రం ఆరు తరువాత, బాత్రూం వైపు వరుసలో. అదెలా ఉందంటే, ప్లంబర్లు పీవీసీ పైపులు అతికించే జిగురు ఉంటుందే, అచ్చం అలా. పైగా అది రోజూ లేదు. పెళ్ళి ముహూర్తాలు ఉన్న వారమంతా ఉంది, తరువాత తగ్గింది.

ఒక స్నేహితుడి దగ్గర చిన్న మీటరు తెచ్చి పెట్టాను. తెరమీద కార్బన్ డయాక్సైడ్ అని అంకెలు వస్తాయి, గాలి పది లక్షల వంతుల్లో అది ఎన్ని వంతులో. వింత ఏమిటంటే, ఆదివారం సాయంత్రం హాల్లో నరమానవుడు లేనప్పుడు కూడా 2,000 దాటింది. దయ్యాలు చదువుకుంటున్నాయా?

బ్యానర్ బాబు (కోదాడ)
దయ్యాలు కాదన్నా, మేమే. నేను ఫ్లెక్సీ మిషను మీద పనిచేసినవాణ్ణి. ఆ సాల్వెంట్ సిరాలో సైక్లోహెక్సనోన్ అనే ద్రావకం ఉంటుంది. పీవీసీ జిగురులోనూ అదే వాడతారు. ఫ్లెక్సీ గుడ్డ మీద ఉండేదీ పీవీసీ పూతే కాబట్టి సిరా దాన్ని కొంచెం కరిగించి లోపలికి పడుతుంది, అందుకే ఎండకూ వానకూ బొమ్మ చెరగదు. మీ ముక్కు సరిగ్గానే పట్టింది. ఆర్డర్లు పగలు తీసుకుంటాం, పొద్దునకల్లా కట్టాలి కాబట్టి ప్రింటింగ్ సాయంత్రం నుంచే మొదలు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, నాయకుల పర్యటనలు. ఎన్నికలు వస్తే రాత్రంతా మిషను ఆగదు.

పాలమూరు ఇంజనీరు
ఇప్పుడు లెక్క కుదిరింది. మీ స్నేహితుడి మీటరు కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం లేదు. చవక మీటర్లలో చాలావాటికి వాసన ఆవిరుల సెన్సరు మాత్రమే ఉంటుంది. దాన్ని బట్టి కార్బన్ డయాక్సైడ్ ఇంత ఉండవచ్చునని ఊహించి అంకె చూపిస్తాయి. అంకె అబద్ధం. కానీ కింది షాపు సంగతి అదే బయటపెట్టింది కాబట్టి దాన్ని తిట్టకండి. అసలు మీటరు కావాలంటే ఎన్‌డీఐఆర్ సెన్సరు, అంటే పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే నేరుగా కొలిచేది, ఉన్నది చూసుకోండి. ముందు డాబా మీదకు తీసుకెళ్ళండి. ఆరుబయట 420, 450 మధ్య చూపించాలి. చూపించకపోతే కిందకు తేవద్దు.

ఫ్యాన్ విడ్డూరం గురించి. ఫ్యాన్ గాలిని బయటకు నెడితే, అంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. కిటికీల సందులన్నీ మీరు మూసేశారు. ఇక దానికి మిగిలిన దారులు మెట్ల వైపు తలుపు, పైపులు దిగే డక్టు, బాత్రూం నేలలో నహానీ ట్రాప్ (నీళ్ళు నిలిచి మురుగు గాలిని ఆపే వంపు), ఏసీ నీళ్ళ గొట్టం. అన్నీ చెడ్డ దారులే. యజమాని సదుద్దేశంతో పెట్టించిన ఫ్యాన్ కింది షాపు ఆవిరినీ, మురుగు గాలినీ పట్టి మరీ పైకి లాగుతోంది.

నమ్మకం కుదరకపోతే ఒక అగరుబత్తి చాలు. ఏసీలు, సీలింగ్ ఫ్యాన్లు ఆపి, ఎగ్జాస్ట్ ఒక్కటే నడపండి. అగరుబత్తి పొగను డక్టు పక్కన, ట్రాప్ జాలీ మీద, తలుపు కింద సందు దగ్గర కదలకుండా పట్టుకుని చూడండి. పొగ ఎటు వంగితే గాలి అటు. షాపులో మిషను ఆగి ఉన్నప్పుడు చేయండి. సాల్వెంట్ ఆవిరి దగ్గర నిప్పు పట్టుకుని తిరగడం వేరే కథ అవుతుంది.

సూర్యాపేట సుజాత (సూర్యాపేట)
మీరంతా హాళ్ళ గురించి మాట్లాడుతున్నారు. మా బాబు గదిలో రాత్రంతా దోమల కాయిల్ పెడతాం, కిటికీలు మూసి. పొద్దున దగ్గుతాడు. దానికీ దీనికీ సంబంధం ఉందా డాక్టరు గారూ?

శ్వాస వైద్యుడు
ఉందమ్మా. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు వదిలేంత ఉంటుందని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఈ రోజే మానేయండి. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర. దగ్గు అప్పటికీ తగ్గకపోతే బాబును ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. బీరువాలో కలరా ఉండలు వేసి మడతపెట్టిన బట్టలు పసిపిల్లలకు నేరుగా తొడగకండి. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము కొరత) ఉన్న పిల్లల్లో ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు పగిలిపోతాయి.

నిర్వాహకులు
దోమల కాయిల్ చర్చకు వేరే పేజీ తెరిచాం, మిగతా ప్రశ్నలు అక్కడ అడగండి. ఇక్కడ హాలు సంగతే.

వడ్రంగి వెంకట్ (చౌటుప్పల్)
పొద్దున కళ్ళ మంట మా పని వల్లే. మీ క్యాబిన్లు పార్టికల్ బోర్డువి అయితే, చెక్క పొట్టును యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో ఒత్తి చేసిన పలకలవి. ఆ జిగురు నెలల తరబడి ఆవిరి వదులుతుంది, వేడికి మరీ ఎక్కువ. ఆదివారం ఏసీ ఆపి తాళం వేస్తారు, ఎండకు హాలు కాలుతుంది, ఆవిరంతా లోపలే ఉంటుంది. సోమవారం మొదట తలుపు తీసినవాడి కళ్ళకు తగులుతుంది. ముందు వైపు సన్మైకా అందంగా అంటిస్తాం. వెనక వైపు, కింది అంచు, వైర్ల కోసం కోసిన రంధ్రం, ఇవన్నీ పచ్చిగా వదిలేస్తాం, ఎవరూ చూడరని. కిందకు వంగి వేలితో తడమండి, పొట్టు చేతికి వస్తే అది పచ్చి అంచే. అంచు పట్టీ వేయించి, వెనక పలకకు కూడా సన్మైకానో, మంచి సీలరో వేయిస్తే చాలావరకు తగ్గుతుంది. ఈసారి కొనేటప్పుడు ఈ0 కానీ ఈ1 కానీ గ్రేడు (ఆ ఆవిరి తక్కువ వదిలే రకాలు) ముద్ర చూసి కొనండి. ధర ఎక్కువే.

పానగల్లువాసి
వెంకట్ గారూ, వంగి చూశాను. ప్రతి క్యాబిన్ వెనకా పొట్టే.

అగరుబత్తి పరీక్ష కూడా చేశాను. తలుపు కింద పొగ లోపలికి పరుగెత్తింది. డక్టు దగ్గర పైపు చుట్టూ సిమెంటు పెట్టకుండా వదిలేసిన రంధ్రం ఉంది, అక్కడ పొగ జెండాలా అడ్డంగా లేచి హాల్లోకి వంగింది. ట్రాప్‌లో చుక్క నీళ్ళు లేవు. ఆ బాత్రూం నేలను ఎవరూ కడగరు, ఎండిపోయింది. ఏసీల్లో ఒకదాని గొట్టం మెకానిక్ గారు చెప్పినట్టే నేరుగా డ్రైనేజీలోకి వెళ్తోంది. ఆ ఏసీ కిందే ఆ ముగ్గురూ కూర్చునేది.

అసలైన మీటరు కూడా తెచ్చాను. డాబా మీద 430 చూపించింది. రాత్రి తొమ్మిదికి పిల్లలు వెళ్ళే వేళకు హాల్లో 3,100. ఏసీలు, ఎగ్జాస్ట్ ఆపి, తలుపు మూసి పదింటికి చూస్తే 1,750.

పాలమూరు ఇంజనీరు
ఇంతకన్నా మంచి రీడింగు అడగను. బయటి 430 తీసేస్తే తొమ్మిదింటికి 2,670 అదనంగా ఉంది, గంటలో 1,320కి, అంటే సగానికి దిగింది. గంటలో సగానికి దిగిందంటే హాలు గాలి గంటకు 0.7 సార్లు మాత్రమే మారుతోందని అర్థం (కొత్త గాలి పాతదానితో కలుస్తూ పోతుంది కాబట్టి 0.5 కాదు). మీ హాలు 6,000 ఘనపు అడుగులు, అంటే 170 ఘనపు మీటర్లు. కాబట్టి గంటకు సుమారు 120 ఘనపు మీటర్ల కొత్త గాలి వస్తోంది. కూర్చుని చదువుకునే ఒక్కొక్కరూ గంటకు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. 1,000 దాటకూడదంటే మనిషికి 30 ఘనపు మీటర్ల గాలి కావాలి. 24 మందికి 720. మీకు ఉన్నది అందులో ఆరో వంతు.

ఒక మాట. 3,000 అనేది విషం కాదు, ఎవరూ భయపడనక్కరలేదు. ఆ అంకె చెప్పేది గాలి మారడం లేదని. గాలి మారని గదిలో జిగురు ఆవిరీ, సిరా ఆవిరీ, ఒకరి జలుబూ, అన్నీ అలాగే పోగవుతాయి.

కందనూలు కుర్రాడు
మరి కిటికీ తెరిస్తే సరిపోదా ఇంజనీరు గారూ? ఇంత లెక్కలెందుకు?

కృష్ణపట్టె
నల్లగొండలో మే నెల మధ్యాహ్నం కిటికీ తెరిచి ఒక గంట కూర్చో తమ్ముడూ, ఆ తరువాత మాట్లాడదాం.

పాలమూరు ఇంజనీరు
కుర్రాడి ప్రశ్న సరైనదే. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు దాకా కిటికీలన్నీ తెరిచి, సీలింగ్ ఫ్యాన్లు వేసి వదిలేయండి. రాత్రి పోగైన జిగురు ఆవిరి పోతుంది, సోమవారం అయితే తప్పనిసరి. మిగతా పగలంతా మాత్రం ఫ్యాన్ సాయం కావాలి.

నా సలహా: లాగే ఫ్యాన్ బదులు నెట్టే ఫ్యాన్. భవనం వెనక సందు (గల్లీ) వైపు, గోడ పై భాగంలో, ముందు వడపోత పెట్టి, బయటి గాలిని లోపలికి నెట్టండి. హాల్లో ఒత్తిడి కొంచెం పెరిగితే గాలి తలుపు సందుల్లోంచి బయటకు పోతుంది, డక్టులోంచి ఆవిరి లోపలికి రాదు. ఇప్పుడున్న పెద్ద ఎగ్జాస్ట్ తీసేసి, బాత్రూం వరకే చిన్నది పెట్టి ఆ తలుపు మూసి ఉంచండి. గాలి తీసుకునే చోటు దగ్గర షాపు ద్వారం, మరుగుదొడ్డి గాలి గొట్టం, ఎవరి వంటింటి చిమ్నీ ఉండకూడదు.

ఖర్చు దాచను. బయట 42 డిగ్రీలు, లోపల 27 అయితే గంటకు 720 ఘనపు మీటర్ల గాలిని చల్లార్చడానికే దాదాపు ఒక టన్ను ఏసీ అదనంగా పనిచేయాలి. అంత భరించలేకపోతే 1,400 దగ్గర రాజీపడండి. 3,100 కన్నా అది ఎన్నో రెట్లు మేలు. 1,000 అన్నది చట్టం కాదు.

మిర్యాల ఏసీ మెకానిక్
మిల్లుల వాళ్ళకు ఇలాంటివి బిగించాను కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాను. వడపోత మందంగా పెట్టేకొద్దీ ఫ్యాన్ గాలి తగ్గిపోతుంది. డబ్బా మీద రాసిన అంకెను నమ్మి చిన్న ఫ్యాన్ కొనవద్దు. మా ఊళ్ళో ఊక దుమ్ముకు వడపోతను ఊరికే దులపాల్సి వస్తుంది, మీకు అంత ఉండదు. ఏసీ గొట్టానికి నీళ్ళు నిలిచే వంపు వేసి, డ్రైనేజీలో కలపకుండా విడిగా బయటకు వదిలేయాలి. నహానీ ట్రాప్‌లో ఒక చెంబు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయండి, త్వరగా ఆరిపోదు.

పానగల్లువాసి
చేయగలిగినవి చేశాం. డక్టు రంధ్రం మూయించాం, ట్రాప్‌లో నీళ్ళూ నూనే పోశాం, ఏసీ గొట్టం మార్చాం. క్యాబిన్ల వెనక పని సగం అయింది. పాత ఎగ్జాస్ట్ తీయడానికి యజమాని ముందు నొచ్చుకున్నారు, అగరుబత్తి వెలిగించి చూపించాక ఆయనే విప్పించారు. నెట్టే ఫ్యాన్ పెట్టాక సాయంత్రం నాలుగింటికి 1,370 చూపిస్తోంది. మూలన ముగ్గురికీ మురుగు వాసన లేదు. నిద్రమత్తు సంగతి పిల్లలే చెప్పాలి, భోజనంలో పప్పు ఉన్న రోజు ఏ ఫ్యానూ ఆపలేదంటున్నారు.

పాలమూరు ఇంజనీరు
1,370 అంటే వడపోత అడ్డు పోగా గంటకు 450 ఘనపు మీటర్లు వస్తున్నట్టు. సరిపోతుంది. సాయంత్రం జిగురు వాసన?

పానగల్లువాసి
చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. కింది షాపు అన్నతో మాట్లాడాను. కోపం వస్తుందేమోనని భయపడ్డాను కానీ ఆయనా బాధితుడే. కుర్రాళ్ళకు రాత్రిళ్ళు తల తిరుగుతోందట. ఎగ్జాస్ట్ పెట్టిస్తానన్నాడు. అయితే దాన్ని వెనక సందులోకి వదులుతాడట. మా గాలి ఫ్యాన్ ఉన్నదీ అక్కడే.

బ్యానర్ బాబు
అలా వదిలితే ఇన్నాళ్ళూ డక్టులోంచి వచ్చింది ఇక ఫ్యాన్‌లోంచి వస్తుంది. మిషను పైనే రేకు గుమ్మటం పెట్టి, గొట్టం డాబా మీదకు తీసుకెళ్ళమనండి. పనిచేసే కుర్రాళ్ళకు దానివల్లే ఎక్కువ మేలు. మామూలు గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదని కూడా చెప్పండి.

పాలమూరు ఇంజనీరు
గొట్టం జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకుది వాడండి. డాబా మీద ఆగకుండా మనిషి ఎత్తు దాటి పైకి పోవాలి, పక్కింటి కిటికీకి ఎదురుగా తిరగకూడదు.

పానగల్లువాసి
ఖర్చు సగం సగం పెట్టుకుందామన్నాను, ఒప్పుకున్నాడు. మెకానిక్ గారూ, ఆ పని మీరు చేస్తారా?

మిర్యాల ఏసీ మెకానిక్
శుక్రవారం నల్లగొండలో వేరే పని ఉంది, మధ్యాహ్నానికి వస్తాను. షాపు పైకప్పు నుంచి డాబా గోడ దాకా కొలత తీసి పెట్టండి, పొడవాటి నిచ్చెన ఒకటి చూసి ఉంచండి. ఆ రోజు మిషను నడపవద్దని ఆయనకు ముందే చెప్పండి.